తనవారి తప్పును దాచని పాలకుడు : శ్రీ దామోదరం సంజీవయ్య

రాజ్యమునకు వెలుపలి శత్రువువలన కలుగు కీడు కంటికి కనబడును. లోపలి ఉద్యోగివలన కలుగు కీడు కంటికి కనబడదు. అందుచేతనే కౌటిల్యుడు అర్థశాస్త్రమునందు రాజధనము అపహరింపబడు మార్గములను నలువదింటిని లెక్కించి చూపెను. వసూలైనదానిని వసూలు కాలేదని వ్రాయుట, కొలతలను తూనికలను మార్చుట, ఒకనివలన వచ్చినదానిని వేఱొకని పేర జమకట్టుట మొదలైనవి అందు చేరినవి. నేటి కంప్యూటరు లెక్కలకును ఆ పట్టిక చాలవఱకు సరిపోవును. అయితే ఆ నలువదింటికిని మించిన మార్గము మఱియొకటి కలదు. అపహరణము జరిగిన పిదప విచారణాధికారి లెక్క తెఱవబోవునప్పుడు, అధికారమునందున్న మిత్రుడు వచ్చి ఆ లెక్కను మూయించుటయే అది. మొదటి నలువది మార్గములును ధనమును మాత్రమే హరించును. ఇది న్యాయమును హరించును. ఈ కీడును ఎఱిగి, తాను అధికారపీఠముననుండియే విచారణకు ఒక స్థానము ఏర్పఱచి, తన పక్షమువారి తప్పును సభాముఖమున చెప్పుటకు వెనుదీయని తెలుగువాడు ఒకడు మన కాలమునకు సమీపముననే జీవించెను. ఆయనయే శ్రీ దామోదరం సంజీవయ్యగారు.

సంజీవయ్యగారు 1921వ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీన కర్నూలు పట్టణమునకు సమీపముననున్న పెద్దపాడు గ్రామమున ఒక దళిత కుటుంబమునందు జన్మించిరి. తండ్రి మునయ్య, తల్లి సుంకులమ్మ. ఆ కుటుంబమునకు సొంత భూమి లేదు. నేతపనియు, పరుల పొలములలో కూలియు వారికి జీవనాధారములు. బిడ్డ పుట్టిన కొలది దినములకే తండ్రి గతించెను. భర్తను పోగొట్టుకొన్న సుంకులమ్మ బిడ్డలతో కొంతకాలము పుట్టింటివారి యాశ్రయమున నుండి, మరల పెద్దపాడు చేరెను. కూలికి పోయిననాడు కుండలో అన్నము, పోనినాడు పస్తు అనునట్టి దినములవి. అంటరానితనము ఊరి బావినుండి బడి గడపవఱకు వ్యాపించియున్న ఆ కాలమున అట్టి యింటి పిల్లవాడు అక్షరములు నేర్చుటయే ఒక సాహసము. ఆ సాహసమునకు తల్లియు అన్నయు తమ రెక్కల కష్టమును ధారపోసిరి.

కర్నూలు మునిసిపల్ ఉన్నత పాఠశాలలో చదివి, అందుండి అనంతపురమునందలి దత్తమండల కళాశాలలో చేరి, గణితము అభ్యసించి ఆయన పట్టభద్రులైరి. గణితమునందు ఒక గుణము కలదు. రెండును రెండును కలిపినచో మిత్రునికైనను నాలుగే, శత్రువునకైనను నాలుగే. జమాఖర్చుల పుస్తకము చూచువానికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. చదువు ముగిసిన పిదప ఉద్యోగము సులభముగా లభింపలేదు. రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండగా ధాన్యమునకు కఱవు వచ్చి రేషను విధానము ఏర్పడియుండెను. ఆయన కర్నూలు రేషనింగు కార్యాలయములో గుమాస్తాగా కొంతకాలము పనిచేసి, పిమ్మట బళ్లారిలో కేంద్ర ప్రజాపనుల శాఖయందు తాత్కాలికోద్యోగము చేసిరి. రేషను కార్యాలయమనగా బియ్యము గింజకును సంతకమునకును నడుమ పేదవాడు నిలుచుండు చోటు. అట్టి చోట పనిచేసినవానికి సంతకము చేయు చేతి బలమెంతయో, అది వంకరపోయినచో కలుగు నష్టమెంతయో తెలియకపోదు.

ఆ తాత్కాలికోద్యోగముతో తృప్తిచెందక, పెద్దల ప్రోత్సాహముతో ఆయన మద్రాసు న్యాయకళాశాలలో చేరిరి. 1950లో న్యాయవాదిగా నమోదైరి. ఆ సంవత్సరముననే తాత్కాలిక పార్లమెంటునందు సభ్యులైరి. 1952 సాధారణ ఎన్నికలలో మద్రాసు శాసనసభకు ఎన్నికై, రాజగోపాలాచారిగారి మంత్రివర్గమున ముప్పదియొకటవ యేటనే మంత్రిపదవి పొందిరి. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన పిమ్మట ప్రకాశంపంతులుగారి మంత్రివర్గమునను, 1955లో బెజవాడ గోపాలరెడ్డిగారి మంత్రివర్గమునను, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినపుడు నీలం సంజీవరెడ్డిగారి మంత్రివర్గమునను ఆయనకు స్థానము లభించెను. ముఖ్యమంత్రులు మాఱుచున్నను ఈ యువమంత్రి మాఱకుండుట ఆయన కార్యదక్షతకు నిదర్శనము. 1954లో ఉపాధ్యాయినియగు కృష్ణవేణిగారిని వివాహమాడిరి.

1960వ సంవత్సరము జనవరి 11వ తేదీ తెలుగువారు మఱవరాని దినము. సంజీవరెడ్డిగారు అఖిలభారత కాంగ్రెసు అధ్యక్షపదవికి వెళ్లగా, ఆ స్థానమున సంజీవయ్యగారు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి యైరి. అప్పటికి ఆయనకు ముప్పదితొమ్మిది యేండ్లు నిండలేదు. భారతదేశమున ముఖ్యమంత్రి పీఠము నధిష్ఠించిన ప్రథమ దళితుడు ఆయనయే. ఊరి బావికి దూరముగా నిలువవలసిన కులమున పుట్టినవాడు సచివాలయమున అందఱికన్న పై కుర్చీయందు కూర్చుండెను. అయినను ఆయన తల్లి సుంకులమ్మ పెద్దపాడులోని సామాన్యగృహముననే కట్టెలపొయ్యిమీద వంట చేసికొనుచుండెనని ప్రజలు నేటికిని చెప్పుకొందురు. వృద్ధులకు పింఛను ఇచ్చు పథకము రాష్ట్రమున ఆయన కాలముననే, 1960లో, ఆరంభమయ్యెను. భూమిలేని పేదలకు బంజరుభూముల పంపకమునకును ఆయన పూనుకొనిరి. హైదరాబాదు, సికిందరాబాదు కార్పొరేషనులు ఒక్కటైనదియు ఆ సంవత్సరముననే.

ఆ పీఠము పూలపాన్పు కాదు. ముఖ్యమంత్రికి అండగా నిలువవలసిన శాసనసభ్యులు వేర్వేఱు వర్గములుగా నుండిరి. వెనుక విస్తారమైన భూములు గాని, ధనబలము గాని, సంఖ్యాబలముగల కులము గాని లేనివాడు నాయకుడైనపుడు, ఒక్కొక్క వర్గమును బుజ్జగించి ప్రభుత్వమును నడుపుకొనుట లోకసహజము. అట్టి నాయకునికి ఉద్యోగుల లంచములను గుఱించి కాని, ఆ ఉద్యోగులను కాపాడు పెద్దలను గుఱించి కాని మౌనము వహించుట క్షేమకరము. సంజీవయ్యగారు క్షేమకరమైన మార్గమును ఎన్నుకొనలేదు. 1961వ సంవత్సరమున వారి ప్రభుత్వము అవినీతి నిరోధక శాఖను ప్రత్యేకముగా ఏర్పఱచెను. అంతకుముందు ఈ పని పోలీసుల నేరపరిశోధక విభాగమున ఒక భాగముగా నడచుచుండెను. దొంగతనములు, హత్యలు, అల్లరులు విచారించువారికి లంచములను విచారించుటకు తీఱిక తక్కువ. ఆ పనికే ఒక శాఖ, ఆ పనికే అధికారులు, ఆ పనికే ఒక గడప ఏర్పడిన పిదప, లంచమిచ్చుకొనలేని పేదవానికి తన మొఱ చెప్పుకొనుటకు ఒక చోటు దొఱకెను.

ఆ శాఖ పనిచేయు పద్ధతి చదువరులు తెలిసికొనదగినది. లంచ మడిగిన యుద్యోగికి ఇయ్యవలసిన నోట్లకు ఫినాఫ్తలీను అను తెల్లని పొడిని అద్దుదురు. నోట్ల నంబర్లను మధ్యవర్తుల సమక్షమున వ్రాసికొందురు. ఉద్యోగి ఆ నోట్లను అందుకొనగానే అధికారులు లోనికి వచ్చి అతని వ్రేళ్లను సోడా కలిపిన నీటిలో ముంపింతురు. నోట్లను తాకియున్నచో ఆ నీరు గులాబిరంగు దాల్చును. ఆ నీటిని సీసాలలో పోసి, ముద్రవేసి, సాక్ష్యముగా భద్రపఱతురు. నాటినుండి నేటివఱకు ఎందఱో ఉద్యోగులు ఈ విధమున పట్టుబడిరి. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మటను రెండు రాష్ట్రములలోను ఈ శాఖ కొనసాగుచున్నది. వరంగల్లునందును దీని రేంజి కార్యాలయము కలదు. 1961లో నాటిన మొక్క నీడ మన గడపవఱకు వచ్చినది.

అయితే గులాబిరంగు నీరు దొరకినంతమాత్రమున న్యాయము జరిగినట్లు కాదు. అచ్చటినుండి న్యాయస్థానమునకు పోవు దారిలో కొన్ని వాకిళ్లు కలవు. ప్రతి వాకిటను అధికారమునందున్నవాని మాట చెల్లుటకు అవకాశము కలదు. మొదటిది విచారణారంభము. ఫిర్యాదు వచ్చినపుడు దానిని తీసికొనుటయా, ప్రక్కన పెట్టుటయా అనునది అచ్చట తేలును. ఉద్యోగి తన హోదాలో చేసిన నిర్ణయములపై విచారణ మొదలుపెట్టుటకు ప్రభుత్వము ముందుగా అనుమతింపవలెనని 2018లో చట్టమునకు ఒక సెక్షను చేర్చబడినది. రెండవది విచారణాధికారి బదిలీ. ఫైలు చేతబట్టినవానిని దూరప్రాంతమునకు పంపినచో ఫైలు దుమ్ము పట్టును. మూడవది అభియోగమునకు అనుమతి. 1947 నాటి అవినీతి నిరోధక చట్టముననుండియు, దాని స్థానమున వచ్చిన 1988 నాటి చట్టముననుండియు, ఉద్యోగిపై కేసు నడుపుటకు పై యధికారి గాని ప్రభుత్వము గాని మంజూరు ఇయ్యవలెను. మంజూరు ఇయ్యనన్నచో గొడవ; ఇచ్చుటకు ఆలస్యము చేసినచో గొడవయు లేదు. నాలుగవది న్యాయస్థానమునందే యున్నది. పబ్లిక్ ప్రాసిక్యూటరు, అనగా సర్కారు వకీలు, న్యాయస్థానము సమ్మతితో కేసును ఉపసంహరించుకొనవచ్చును. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 494వ సెక్షనుగాను, 1973 నాటి కోడులో 321వ సెక్షనుగాను, 2024 జూలైనుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 360వ సెక్షనుగాను ఈ నిబంధన నిలిచియున్నది.

ఈ నాలుగవ వాకిలి మిక్కిలి సూక్ష్మమైనది. ఎనుమాముల మార్కెటు యార్డులో మిర్చి బస్తాలు కాంటామీదికి ఎక్కునపుడు తూచువాడు దడ్వాయి. దడ్వాయి అడ్తిదారుని మనిషి కాడు, రైతు మనిషియు కాడు. అతనికి లైసెన్సు లభించినది తూకముకొఱకు. అడ్తిదారుడు అతని చెవిలో ఒక మాట చెప్పి తూకము మార్పించినచో రైతు ఏడాది కష్టము ఒక్క నిమిషమున తఱిగిపోవును. సర్కారు వకీలు ప్రజలకు దడ్వాయి వంటివాడు. అతనికి జీతమిచ్చునది ప్రభుత్వము. అతడు ఎవరికొఱకు నిలువవలెననగా న్యాయముకొఱకు. కేసును ఉపసంహరింపవలెనా వలదా అనునది అతడు స్వబుద్ధితో ఆలోచించి నిర్ణయింపవలెనని, ప్రభుత్వము చెప్పినట్లు సంతకము చేయరాదని సుప్రీంకోర్టు పలు తీర్పులలో స్పష్టపఱచినది. చట్టమున ఆ మాట ఉన్నది. ఆచరణమున నియామకమును, కొనసాగింపును ప్రభుత్వము చేతిలోనున్న వకీలు ప్రభుత్వమును కాదనుట ఎంత కష్టమో ఊహింపవచ్చును.

సంజీవయ్యగారు ఏర్పఱచిన శాఖయు ప్రభుత్వమునకు లోబడినదియే. దాని పగ్గము ముఖ్యమంత్రిగా నుండువాని చేతికి అందునంత దూరముననే యుండెను. దీనిని లోపమనక తప్పదు. ఒక పాలకుడు సజ్జనుడైనచో పగ్గము వదులుగా నుండును. తరువాతివాడు అట్టివాడు కానిచో బిగియును. మంచి రాజు ఉన్నంతకాలము మాత్రమే నడచు ధర్మము ధర్మము కాదు, అనుగ్రహము. ఇదే యోరుగల్లు నేలిన కాకతి గణపతిదేవుడు 13వ శతాబ్దమున మోటుపల్లి రేవునందు ఒక శాసనము వేయించెను. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన వర్తకుల సొమ్మును రాజులు స్వాధీనము చేసికొను ఆచారమును ఆయన మాని, నిర్ణీతమైన సుంకము మాత్రమే తీసికొందునని శిలపై చెక్కించెను. రాజు తన చేతిని తానే కట్టుకొన్న సందర్భమది. అవినీతి విచారణకును అట్టి శిలాశాసనము కావలసియుండెను. సంజీవయ్యగారు పునాది వేసిరి. శిల నిలుపుటకు వారికి కాలము చాలలేదు. 1962 ఎన్నికల పిమ్మట మార్చి నెలలో సంజీవరెడ్డిగారు మరల ముఖ్యమంత్రి యైరి. సంజీవయ్యగారి పాలనాకాలము రెండు సంవత్సరముల రెండు నెలలు మాత్రమే.

అదే 1962 జూన్ నెలలో సంజీవయ్యగారిని అఖిలభారత కాంగ్రెసు అధ్యక్షపదవి వరించెను. పెద్దపాడు పూరింటి బిడ్డ దేశమంతటను అధికారముననున్న పార్టీకి అధ్యక్షుడయ్యెను. ఆ కాలమున అవినీతి ప్రశ్న దేశమంతటను తీవ్రముగా చర్చింపబడుచుండెను. 1962లో కేంద్రప్రభుత్వము కె. సంతానంగారి అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. 1963 ఏప్రిల్ 1వ తేదీన కేంద్ర పరిశోధన సంస్థ, అనగా సీబీఐ, ఏర్పడెను. ఆ సంవత్సరముననే సిరాజుద్దీను అను గనుల యజమానినుండి ఎన్నికల విరాళ మిప్పించిన విషయమున కేంద్రమంత్రి కేశవదేవ మాలవీయగారిపై ఆక్షేపణ వచ్చి, సుప్రీంకోర్టు న్యాయమూర్తి యొకరు విచారింపగా, మాలవీయగారు రాజీనామా చేసిరి. ఆ నివేదిక ప్రజలకు వెల్లడి కాలేదు.

ఇట్టి తరుణమున 1963లో ఇందూరు నగరమున మాట్లాడుచు పార్టీ అధ్యక్షుడైన సంజీవయ్యగారు తన పార్టీవారిని గుఱించియే ఒక కఠినసత్యము చెప్పిరి. స్వాతంత్ర్యము వచ్చిన 1947లో చేతిలో పైకము లేకుండిన కాంగ్రెసువారు కొందఱు, కనబడు ఆదాయమార్గ మేదియు లేకయే, ఆనాటికి లక్షాధికారులును కోటీశ్వరులును అయిరని ఆయన బహిరంగముగ వ్యక్తపఱచిరి. ప్రతిపక్షమువాడు ఈ మాట చెప్పినచో రాజకీయమని కొట్టివేయవచ్చును. ఎన్నికలకు టిక్కెట్లు ఇచ్చు కాగితముపై ఎవని సంతకము ఉండునో, ఎవని మాటతో మంత్రివర్గములు నిలుచునో పడునో, అట్టివాడు చెప్పినపుడు దానిని కొట్టివేయుట సాధ్యము కాదు. పైగా చెప్పినవాడు 1947లో పేదవాడు, 1963లోను పేదవాడే. అరువది సంవత్సరములు గడచినను అవినీతి చరిత్ర వ్రాయువారు ఆ మాటను స్మరించుచునే యున్నారు.

మహాభారతమున ద్యూతసభలో ద్రౌపది ప్రశ్న వేసినపుడు సభ నిండ ధర్మజ్ఞులే యుండిరి. భీష్ముడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. ద్రోణుడు, కృపుడు నోరు మెదపలేదు. రాజు ఉప్పు తిన్నవారు రాజు కొడుకు తప్పును ఎట్లు చెప్పుదురు? అట్టి సభలో దుర్యోధనుని తమ్ముడే యైన వికర్ణుడు లేచి, ఇది ధర్మము కాదని చెప్పెను. విదురుడు తోడయ్యెను. సభ వినలేదు, అయినను ఆ మాట నిలిచిపోయినది. శత్రువు తప్పు చెప్పుటకు విద్య చాలును. తనవాని తప్పు చెప్పుటకు ధైర్యము కావలెను. సంజీవయ్యగారు తన సభలో వికర్ణుని స్థానమున నిలిచిరి.

ఆయన అధ్యక్షుడుగా నున్న కాలముననే పంజాబు ముఖ్యమంత్రి ప్రతాపసింగు కైరాను వ్యవహారము విచారణకు వచ్చెను. కైరాను కార్యశూరుడు, నెహ్రూగారి అభిమానపాత్రుడు. అతని కుమారులును బంధువులును అతని అధికారము నడ్డుపెట్టుకొని ధనార్జన చేయుచున్నారని కొన్నేండ్లుగా ఆరోపణలుండెను. ఆ అభిమానమే కవచమై అవి చాలకాలము తేలలేదు. తుదకు 1963 నవంబరులో మాజీ ప్రధానన్యాయమూర్తి ఎస్.ఆర్. దాసుగారిని విచారణకు నియమించిరి. కుమారులును బంధువులును అతని పలుకుబడిని వినియోగించుకొనిరనియు, అతడు దానిని చూచియు చూడనట్లుండెననియు 1964 జూన్‌లో నివేదిక తేల్చెను. కైరాను ఆ నెలలోనే రాజీనామా చేసెను. ఆ మధ్యకాలమున, మే 27వ తేదీన, నెహ్రూగారు పరమపదించియుండిరి. అధికారమునందున్న మిత్రుని నీడలో నిలిచినవానిపై విచారణ ఎంత ఆలస్యమగునో ఈ యొక్క వృత్తాంతమే చాలును.

తెలుగుదేశమునందును ఆ సంవత్సరముననే మఱియొక పాఠము లభించెను. కర్నూలు జిల్లాలో బస్సురూట్లను జాతీయము చేయుటయందు ముఖ్యమంత్రి సంజీవరెడ్డిగారు రాజకీయ ప్రత్యర్థులకు నష్టము కలుగునట్లు ఆ క్రమమును మార్పించిరన్న ఆక్షేపణను సుప్రీంకోర్టు 1964 ఆరంభమున అంగీకరించెను. సంజీవరెడ్డిగారు ఫిబ్రవరిలో పదవిని విడిచిరి. మిత్రుని కాపాడుటకు అధికారమును వాడుటయు, విరోధిని నలుపుటకు వాడుటయు ఒకే నాణెమునకు రెండు ముఖములు. అయితే న్యాయస్థానము మాటకు తలయొగ్గి పీఠము దిగుట ఆ తరమువారియందు కనబడిన గుణము. దానిని మఱువరాదు.

1964 మార్చిలో సంతానం సంఘము నివేదిక సమర్పించెను. అంతకుముందే ఫిబ్రవరిలో కేంద్ర విజిలెన్సు కమిషను ఏర్పడెను. మంత్రులపై వచ్చు ఆరోపణలను విచారించుటకును స్వతంత్రమైన యేర్పాటు ఉండవలెనని సంఘము కోరెను. కాని విజిలెన్సు కమిషను అధికారము ఉద్యోగులవఱకు మాత్రమే పరిమితమయ్యెను. గుమాస్తా చేతులు గులాబినీటిలో మునిగినవి. మంత్రి చేతులు కడవకు దూరముగ నుండెను.

1964 జనవరిలో కాంగ్రెసు అధ్యక్షపదవి కామరాజునాడారుగారికి సంక్రమించెను. జూన్‌లో సంజీవయ్యగారు లాల్ బహదూరు శాస్త్రిగారి మంత్రివర్గమున కార్మికమంత్రి యైరి. కార్మికులకు బోనసు చట్టము 1965లో వచ్చినది వారి కాలముననే. కార్మికసమస్యలను గుఱించి ఆంగ్లమున ఒక గ్రంథమును 1970లో ప్రకటించిరి. 1971లో రెండవ పర్యాయము కాంగ్రెసు అధ్యక్షులైరి. 1972 మే నెలలో ఢిల్లీనగరమున గుండెపోటుచే మరణించిరి. అప్పటికి వారి వయస్సు ఏబదియొక్క సంవత్సరములు. ఇరువది యేండ్లు మంత్రిగా, ముఖ్యమంత్రిగా, పార్టీ అధ్యక్షునిగా ఉండియు ఆయన ఆస్తిపాస్తులు కూడబెట్టలేదు. భౌతికకాయమునకు సికిందరాబాదున అంత్యక్రియలు జరిగెను. హుస్సేన్‌సాగరు ఒడ్డున ఆయన పేర ఉద్యానవనము కలదు. కర్నూలు జిల్లాలోని గాజులదిన్నె జలాశయము ఆయన పేరనే పిలువబడుచున్నది. 2008లో తపాలాశాఖ ఆయన చిత్రముతో బిళ్లను వెలువరించెను.

ఆయన మరణానంతరము నాలుగవ వాకిలి ఎట్లు తెఱచుకొనునో దేశమునకు తెలియవచ్చెను. బీహారు రాష్ట్రమున ఒక పట్టణ సహకారబ్యాంకు విషయమున జగన్నాథ మిశ్రగారిపై కేసు నమోదై, 1979లో అభియోగపత్రము దాఖలయ్యెను. 1980లో ఆయనయే ముఖ్యమంత్రి యయ్యెను. 1981లో ఆ ప్రభుత్వము కేసును ఉపసంహరింప నిశ్చయింపగా, సర్కారు వకీలు అర్జీ పెట్టెను. మేజిస్ట్రేటు సమ్మతించెను. శివనందన పాస్వాన్ అను శాసనసభ్యుడు దీనిని సుప్రీంకోర్టువఱకు తీసికొనిపోయెను. 1986 డిసెంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ముగ్గురి మెజారిటీతో, ఉపసంహరణ చెల్లునని చెప్పెను. ప్రధానన్యాయమూర్తి భగవతిగారును మఱియొక న్యాయమూర్తియు భిన్నాభిప్రాయము ప్రకటించిరి. కేసులో నిందితుడైనవాడే ప్రభుత్వమునకు అధిపతి. ఆ ప్రభుత్వమే కేసును వదలుకొనెను. ధాన్యపుకొట్టు తాళపుచెవి ఎలుక చేతికి ఇచ్చినట్లు కాదా అని సామాన్యుడు అడిగినచో సమాధానము చెప్పుట కష్టము. తరువాత ముప్పదియైదు సంవత్సరములకు, 2021 ఆగస్టులో, పార్లమెంటు సభ్యులపైనను శాసనసభ్యులపైనను ఉన్న కేసులను హైకోర్టు అనుమతి లేనిదే ఉపసంహరింపరాదని సుప్రీంకోర్టు ఆదేశించినది. గణపతిదేవుని శాసనమువలె పాలకుని చేతిని కట్టు త్రాడు ఇప్పటికి ఒక పోగు తయారైనది.

ఇక ఈ చరిత్రమునుండి గ్రామవాసులు గ్రహింపదగినది ఏమి? కేసు మూయించుట రాజధానిలో పుట్టిన విద్య కాదు. చెఱువు పూడికకు వచ్చిన సొమ్ము మాయమైనపుడు, మనవాడే కదా పోనిండని పంచాయతి పెద్ద చెప్పుచోటనే అది మొలకెత్తును. సహకారసంఘపు లెక్కలలో తేడా వచ్చినపుడు బంధుత్వము చూపి కాగితము చింపించుచోట అది మారాకు వేయును. ఢిల్లీలో కనబడునది ఆ చెట్టు కొమ్మ మాత్రమే. మనవాని తప్పును మనమే విచారింప నొల్లక, పరవాని తప్పు మాత్రము విచారింపవలెనని కేకలు వేసినచో, మనకు లభించు పాలకులును అట్టివారే యగుదురు. కేసు నడపవలసినవానిపై ఒత్తిడి తెచ్చువాడు ఎల్లప్పుడును దుష్టుడుగా కనబడడు. సాధారణముగా అతడు స్నేహధర్మము పాటించు సజ్జనునివలెనే కనబడును. అందులోనే ప్రమాదమున్నది.

విశాఖపట్టణమున సంజీవయ్యగారి పేర జాతీయ న్యాయవిశ్వవిద్యాలయము ఒకటి నడచుచున్నది. రేపటి సర్కారు వకీళ్లు, న్యాయమూర్తులు అందు చదువుకొనుచున్నారు. ఏదో ఒకనాడు వారిలో ఒకరి బల్లపైకి ఒక ఫైలు వచ్చును. దానివెంట ఒక టెలిఫోను పిలుపు వచ్చును. ఆ పిలుపునకు వారు ఏమి బదులిత్తురో దానినిబట్టియే మన పొలములకు, మన పింఛనులకు, మన బడులకు వచ్చు సొమ్ము మనవఱకు వచ్చుటయు రాకుండుటయు నిర్ణయమగును. తాము చదివిన విద్యాలయమునకు ఎవని పేరు పెట్టబడినదో ఆ క్షణమున వారికి జ్ఞప్తికి వచ్చునుగాక.